న్యూజెర్సీలో విడాకులు, ఆస్తి పంపకం: నేను వాడుకున్న ఒక మధ్యవర్తిత్వ సేవపై సమీక్ష

పదమూడేళ్ల కాపురం ముగించుకోవాలని నిశ్చయించుకున్నాక, 2022లో నేనూ నా భర్తా మా ఆస్తి పంపకం కోసం న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో ఒక ప్రైవేటు మధ్యవర్తిత్వ కార్యాలయానికి వెళ్లాం. అక్కడ జరిగిన మాటలు బయట పెట్టబోమని ఇద్దరం సంతకాలు చేశాం కాబట్టి ఆ కార్యాలయం పేరు గాని మధ్యవర్తి పేరు గాని రాయడం లేదు. మా అంకెలు రాయడానికి మాత్రం నా మాజీ భర్త అంగీకారం తీసుకున్నాను. ఎడిసన్, ఇసెలిన్ చుట్టుపక్కల ఇన్ని తెలుగు కుటుంబాలున్నా ఈ విషయం గుడిలోనో పుట్టినరోజు వేడుకలోనో ఎవరినీ అడగలేం. అడగలేక, లెక్క తెలియకుండానే సంతకం చేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరున్నారు. నా సమీక్ష వాళ్లలాంటి వారి కోసం.

ముందుగా చట్టం గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ సేవ బాగోగులు దాన్ని బట్టే తెలుస్తాయి. కాలిఫోర్నియాలో ఉన్న మా పిన్ని కూతురు ఫోన్లో, "ఇందులో ఆలోచించడానికేముంది అక్కా, సగం నీదే" అంది. ఆమె ఉన్న చోట అది నిజమే. కాపురంలో సంపాదించినది ఇద్దరికీ సమానమని అక్కడి చట్టం. న్యూజెర్సీ దారి వేరు. ఇక్కడ 1971 విడాకుల చట్టంతో వచ్చినది ఈక్విటబుల్ డిస్ట్రిబ్యూషన్, అంటే న్యాయమైన పంపకం. 1974లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు దానికి మూడు మెట్లు చెప్పింది: పంచదగిన ఆస్తి ఏదో తేల్చడం, దాని విలువ కట్టడం, ఆ తరువాతే ఎవరికెంతో నిర్ణయించడం. సగం సగం అనే ఊహతో మొదలుపెట్టడం సరికాదని కూడా ఆ కోర్టే చెప్పింది. జడ్జి చూడవలసిన అంశాలు చట్టంలో పదహారున్నాయి. కాపురం ఎన్నేళ్లు సాగింది, ఎవరి ఆరోగ్యం ఎలా ఉంది, ఇల్లు చక్కబెట్టిన శ్రమ ఎవరిది, ఎవరు తమ ఉద్యోగాన్ని పక్కన పెట్టారు, పిల్లలు ఎవరి దగ్గర పెరుగుతారు, పన్ను ఎంత పడుతుంది లాంటివి వాటిలో కొన్ని. కాపురంలో వచ్చిన ఆస్తికి భార్యాభర్తలిద్దరూ డబ్బు రూపంలోనో శ్రమ రూపంలోనో గణనీయంగా తోడ్పడ్డారనే భావనతోనే కోర్టు మొదలుపెడుతుంది. కాదన్నవారు రుజువు చేసుకోవాలి. ఈ ఒక్క వాక్యం చదివిన రోజు నాకు కంటి నిండా నిద్ర పట్టింది.

మన దేశంలో, గోవాను పక్కన పెడితే, ఇలాంటి చట్టం లేదు. హిందూ వివాహ చట్టంలోని 27వ సెక్షన్ పెళ్లి సమయంలో వచ్చి ఇద్దరికీ ఉమ్మడిగా చెందిన వస్తువుల వరకే మాట్లాడుతుంది. మిగతాదంతా భరణమే. భర్త ఆస్తిలో భార్యకు వాటా కల్పించే సవరణ బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించినా, 2014లో లోక్‌సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. "ఇల్లు ఆయన పేరున ఉంటే ఆయనదే కదమ్మా" అని ఊరి నుంచి పెద్దవాళ్లు అంటున్నారంటే వాళ్లు అక్కడి చట్టాన్ని బట్టి అంటున్నారు. ఇక్కడ ఉన్నవాళ్లు ఆ మాట నమ్మి ఆగిపోకూడదు.

ఈ సేవను జాగ్రత్తగా ఎంచుకోవాలనడానికి బలమైన కారణం ఇంకొకటి ఉంది. ఇద్దరూ ఒప్పందం రాసుకుని కోర్టుకు వెళితే, న్యూజెర్సీ జడ్జి ఆ ఒప్పందం న్యాయంగా ఉందా లేదా అని తూచరు. మీ ఇష్టంతోనే సంతకం చేశారా, అందులో ఉన్నది అర్థమైందా, ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగి విడాకులు మంజూరు చేస్తారు. మా విచారణ జూమ్‌లో పావుగంటలో ముగిసింది. కాబట్టి న్యాయం జరగవలసినది మధ్యవర్తి బల్ల దగ్గరే. అక్కడ తప్పిపోయినది కోర్టులో దానంతట అది సర్దుకోదు.

ఇక సేవ సంగతి. మధ్యవర్తి గారు ఇరవై ఏళ్లకు పైగా కుటుంబ న్యాయవాదిగా పనిచేసినావిడ. మొదటి సమావేశంలోనే కేస్ ఇన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్ అనే కోర్టు ఫారం ఇద్దరినీ నింపుకు రమ్మన్నారు. నెల ఖర్చుల నుంచి అప్పుల దాకా, బ్యాంకు ఖాతాల నుంచి నగల దాకా అన్నీ అందులో రాయాలి. మేమింకా కోర్టులో దావా వేయలేదు, అయినా ఆ ఫారం నిండనిదే పంపకం గురించి ఒక్క మాట కూడా మాట్లాడనన్నారు. మాకు ఏడు వారాలు పట్టింది. ఆ తరువాత ప్రతి వస్తువు దగ్గరా ఆవిడ మూడు ప్రశ్నలు అడిగేవారు: ఇది ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది, ఈ రోజు అమ్మితే చేతికి ఎంత వస్తుంది. ఈ సేవకు నేనిచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం ఈ మూడు ప్రశ్నలకే.

ఎప్పుడు అన్నదానికి గీత ఒకటి కావాలి. న్యూజెర్సీలో మామూలుగా విడాకుల దావా వేసిన తేదీతో పంచదగిన ఆస్తి చేరడం ఆగిపోతుంది. మేము దావా వేయకముందే మధ్యవర్తిత్వానికి వెళ్లాం కనుక 2022 మార్చి 1ని గీతగా ఒప్పుకుంటున్నామని మొదటే ఒక కాగితం రాయించి ఇద్దరి చేతా సంతకం పెట్టించారు. మార్చి చివరలో ఆయనకు బోనస్ వచ్చినప్పుడు ఆ కాగితం లేకపోతే ఎంత వాదన జరిగేదో ఊహించగలను.

ఎవరి నుంచి అన్న ప్రశ్నకు నా బంగారం మంచి ఉదాహరణ. ఇక్కడి చట్టం ప్రకారం బయటివారు ఒకరికి ఇచ్చిన కానుక, వారసత్వంగా వచ్చినది పంపకంలోకి రావు. భార్యాభర్తలు కాపురంలో ఒకరికొకరు ఇచ్చుకున్న కానుకలు మాత్రం వస్తాయి. మా అమ్మానాన్నలు పెళ్లికి పెట్టిన నలభై కాసులు నావే. తెనాలి దగ్గర పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం పొలమూ నాదే. దస్తావేజు నా ఒక్కదాని పేరున ఉంది కాబట్టి ఆ మాట రెండు నిమిషాల్లో తేలిపోయింది. బంగారానికి దస్తావేజులుండవు. ఏ నగ ఎవరు పెట్టారో చూపించమన్నప్పుడు నేను మా పెళ్లి ఆల్బం తీసుకెళ్లాను. అమెరికా ఆవిడ ఆ బరువైన అట్ట తిప్పుతూ, వేలితో చూపిస్తూ, ఇది ఏమిటి, ఇది ఎవరిచ్చారు అని అడుగుతుంటే వడ్డాణం మా అమ్మమ్మదనీ, నల్లపూసలు మా అత్తగారు పెట్టారనీ నా కన్నా ముందు ఆయనే చెప్పారు. ఆ గంటసేపు మా ఇద్దరి గొంతుల్లో కోపం లేదు. పెళ్లిరోజులకు ఆయన కొన్న పన్నెండు కాసుల హారం మాత్రం జాబితాలోకి వెళ్లింది, దాదాపు 5,000 డాలర్ల విలువతో, నా వైపు.

మంగళగిరి స్థలం దగ్గర మాత్రం ఈ కార్యాలయం తడబడింది. 2016లో ఇద్దరి పేర్ల మీద 40 లక్షలకు కొన్నాం, అందులో 10 లక్షలు మా మామగారు తన పొలం అమ్మి ఆయన ఖాతాలో వేసినవి. బ్యాంకు కాగితం ఉంది కాబట్టి ఆ పావు వంతును తండ్రి కానుకగా పక్కన పెట్టడం న్యాయమే, నేను మారు మాట్లాడలేదు. విలువ దగ్గరే తకరారు వచ్చింది. ఆయన రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి తెప్పించిన కాగితం పైన మార్కెట్ విలువ ధ్రువపత్రం అని ఉంది, లోపల 38 లక్షలు. మధ్యవర్తి గారు పై పేరు చూసి అదే బజారు ధర అనుకున్నారు. అది స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం కట్టిన విలువనీ, బయట అమ్మకం ధర వేరనీ మన ప్రాంతంలో సెంటు భూమి కొన్నవారికి కూడా తెలుసు, ఆవిడకు తెలియదు. నేను అభ్యంతరం చెప్పాక, విజయవాడలోని గుర్తింపు పొందిన వాల్యుయర్ చేత నివేదిక తెప్పించడానికి వెంటనే ఒప్పుకున్నారు, ఖర్చు సగం సగం అన్నారు. నివేదికలో 96 లక్షలు వచ్చింది. నేను ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. మామగారి పావు వంతు తీసేయగా మిగిలిన 72 లక్షలు, డాలరు 80 రూపాయల లెక్కన, 90,000 డాలర్లు.

మూడో ప్రశ్న, అంటే చేతికి ఎంత వస్తుందన్నది, ఇంటి దగ్గరా రిటైర్మెంట్ ఖాతాల దగ్గరా వచ్చింది. మా టౌన్‌హోమ్ 2014లో 3,85,000 డాలర్లకు కొన్నది, అప్రైజర్ 6,40,000 కట్టాడు. అప్పు 2,30,000 పోను 4,10,000 మిగులు. ఆయన 401కె ఖాతాలో కాపురం నాటి భాగం 3,20,000, నా ఖాతాలో 60,000. పాప బడి మారకూడదు కనుక ఇల్లు నేను ఉంచుకోవాలి, ఆయన ఖాతా ఆయన ఉంచుకుంటారు అనుకున్నాం. నా మనసులో లెక్క తేలిగ్గా తేలిపోయింది: నా వైపు 4,70,000, ఆయన వైపు 3,20,000. మంగళగిరి స్థలమూ, ఆయనకు కంపెనీ ఇచ్చిన షేర్లూ ఆయన వైపు కలిస్తే నాకే కొంత రావాలి.

మధ్యవర్తి గారు పసుపు రంగు కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి, ఎడమ పక్క ఇల్లు, కుడి పక్క 401కె అని రాశారు. ఇంటి అమ్మకంలో వచ్చే లాభంలో, రెండేళ్లు సొంతంగా కాపురమున్న ఇల్లయితే, ఒంటరి మనిషికి 2,50,000 దాకా కేంద్ర ఆదాయపు పన్ను లేదు. 401కె నుంచి తీసే ప్రతి డాలరు మీదా పన్ను ఉంటుంది. "ఈ లక్షా ఆ లక్షా ఒకటి కావు" అని కుడి పక్కన ఉన్న అంకె కొట్టేసి, ఇద్దరం ఒప్పుకున్న 25 శాతం పన్ను తీసి 2,40,000 అని రాశారు. నా 60,000 కూడా 45,000 అయింది. ఈ దిద్దుబాటు నాకు నష్టం, ఆయనకు లాభం. ఆ సాయంత్రం కారులో కూర్చుని చాలాసేపు బాధపడ్డాను. కాని ఇంటికొచ్చి మళ్లీ వేసుకున్నా అది తప్పు లెక్క కాదు. నాకు అనుకూలమైనప్పుడు మెచ్చుకుని, ఎదురు తిరిగినప్పుడు తప్పు పట్టడం నాకు చేతకాదు. ఆవిడ పని ఆవిడ సరిగ్గా చేశారు.

షేర్ల విషయంలో కూడా ఆవిడ పట్టు బాగుంది. చేతికొచ్చేసిన 90,000 డాలర్ల షేర్లపై పన్ను అప్పటికే కోసుకున్నారు కనుక వాటిని మళ్లీ తగ్గించలేదు. ఇంకా చేతికి రానివాటికి కాలం లెక్కన వాటా వేశారు. 2020 మార్చిలో ఇచ్చి 2024 మార్చిలో చేతికొచ్చే షేర్లకు మొత్తం 48 నెలలు, మా గీత దాకా 24 నెలలు. అంటే సగం కాపురంలో సంపాదించినవి, అందులో సగం నావి. గీత తరువాతి కష్టం ఆయన ఒక్కరిదే. పన్ను పోను నా పావు వంతు 2024లో అణా పైసలతో సహా అందింది.

అన్నీ కలిపితే నా వైపు 4,60,000, ఆయన వైపు 4,20,000. సమానం కావాలంటే నేనే ఆయనకు 20,000 ఇవ్వాలి. చట్టంలోని అంశాలు అక్కడ పనికొచ్చాయి. పెళ్లికి ముందు నేను విజయవాడలో ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్‌ని. 2009లో హెచ్-4, అంటే ఉద్యోగ వీసా ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా మీద వచ్చాను, అప్పటికి ఆ వీసా మీద ఉద్యోగం చేయడానికి వీలులేదు. 2015 మే నుంచి గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఉన్నవారి భార్యలకో భర్తలకో పని అనుమతి ఇవ్వడం మొదలయ్యాకే నేను చిన్న ఉద్యోగంలో చేరాను. ఆ ఆరేళ్లూ ఇంట్లో ఉన్నది నా ఇష్టంతో కాదు, అలాగని ఖాళీగానూ లేను. మధ్యవర్తి గారు తీర్పు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఉద్యోగం వాయిదా వేసుకున్నవారి సంగతినీ, పిల్లలతో ఉండే తల్లికో తండ్రికో ఇల్లు అవసరమన్న సంగతినీ జడ్జి చూడాలని చట్టం చెప్పే రెండు వాక్యాలను పైకి చదివి ఊరుకున్నారు. ఆయన కాసేపు కిటికీ వైపు చూసి, ఆ ఇరవై వేలు వద్దులెండి అన్నారు. అలా నాకు దాదాపు 52 శాతం వచ్చింది. అది న్యాయమని ఇప్పటికీ నమ్ముతున్నాను, ఆయనా అలాగే అంటారు.

ఖర్చు చెబుతాను. గంటకు 425 డాలర్లు, తొమ్మిది సమావేశాలు, ఒక్కోటి రెండు గంటలు, 7,650 అయింది. ఒప్పందం రాసినందుకు మరో 2,100. రెండూ సగం సగం. కోర్టు రుసుము 300, పిల్లలున్నవారికి అదనంగా 25. దీనితో పాటు ఎవరి లాయరును వారు విడిగా పెట్టుకోవాలి, ఎందుకంటే మధ్యవర్తి ఇద్దరిలో ఎవరికీ సలహా ఇవ్వరు. ఈ మాట మొదటి రోజే గట్టిగా చెప్పవలసింది. నాకు మూడో సమావేశంలో అర్థమైంది, అప్పటికి నేను ఆవిడనే నా లాయరులా భావించి ప్రశ్నలు వేస్తున్నాను.

నేను ఐదుకు నాలుగే మార్కులు ఇవ్వడానికి ప్రధాన కారణం ఇంటి అప్పు. 2014లో నాకు ఆదాయం లేనందున ఇల్లు ఇద్దరి పేరున ఉన్నా అప్పు ఆయన ఒక్కరి పేరున ఉంది. నాలుగు నెలల్లో దాన్ని నా పేరున రీఫైనాన్స్ చేసుకోవాలని, అంటే కొత్త అప్పు తీసుకుని పాతది తీర్చేయాలని ఒప్పందంలో రాశారు. పాత వడ్డీ 2.9 శాతం, కొత్తది 6.75. నెల వాయిదా భారీగా పెరిగింది. విడాకుల వల్ల ఇల్లు జీవిత భాగస్వామికి బదిలీ అయితే ఆ కారణంగా బ్యాంకు మొత్తం అప్పు వెంటనే కట్టమనడానికి వీల్లేదని 1982 నాటి కేంద్ర చట్టం ఒకటి ఉందని నాకు సంతకాలయ్యాక తెలిసింది. పాత అప్పునే నేను కట్టుకుంటూ పోయే దారి ఉండేది. ఆయన పేరు దానిపై కొన్నాళ్లు ఉండిపోవడం ఆయనకు ఇబ్బందే, కాని ఆ ఇబ్బందికి వెల కట్టి మాట్లాడుకునే అవకాశమైనా మాకు ఉండేది. అంత తక్కువ వడ్డీ అప్పు కూడా ఒక ఆస్తే. వడ్డీలు వారం వారం పెరుగుతున్న ఆ ఏడాది, అన్నింటికీ వెల కట్టిన కార్యాలయం దాన్ని చూడలేదు.

రెండో లోపం స్థలం బదిలీ. "భార్య తన హక్కును భర్తకు బదిలీ చేయును" అన్న ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఇక్కడి కోర్టు మా ఇద్దరి మీద ఉత్తర్వు వేయగలదు గాని మంగళగిరిలోని స్థలం పేరు మార్చలేదు. అక్కడ నా హక్కు వదులుకుంటున్నట్టు రాసే విడుదల దస్తావేజు రిజిస్టరు కావాలి. నేను వెళ్లలేను కనుక మా తమ్ముడికి ప్రత్యేక అధికార పత్రం రాసి, నోటరీ చేయించి, విదేశంలో చెల్లడానికి రాష్ట్రం నుంచి అపోస్టిల్ అనే ధ్రువీకరణ ముద్ర వేయించి పంపాను. అది దేశంలోకి చేరిన మూడు నెలల లోపు స్టాంపు చేయించాలని విజయవాడ లాయరు గారు చెప్పకపోతే గడువు దాటిపోయేది. ఆయనే మరో మాట చెప్పారు. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంటకు మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులు చెల్లవని 1991లో భారత సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందట. అక్కడ భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు, విడాకుల కారణం మన చట్టంలో లేనిది. అందుకే మా కేసులో ఇద్దరం ఇష్టపూర్వకంగా హాజరై సమ్మతించామని తీర్పులోనే కనిపించేలా చూసుకోమన్నారు. ఇదంతా నేను విడిగా డబ్బు పెట్టి తెలుసుకున్నాను.

ఈ తరహా సేవ అందరికీ సరిపడదు. ఎదుటి మనిషి అంటే భయం ఉన్న ఇంట్లో, లేదా ఆస్తి దాచిపెడుతున్నారన్న అనుమానం ఉన్నచోట మధ్యవర్తి దగ్గరకు వెళ్లవద్దు. కాగితాలు తెమ్మని కోర్టు బలవంతం చేయగలదు, మధ్యవర్తి చేయలేరు. డబ్బు ఇబ్బంది ఉన్నవారికి కోర్టులోనే ఒక దారి ఉంది. ఆస్తి తగాదా ఉన్న కేసుల్లో ఎర్లీ సెటిల్‌మెంట్ ప్యానెల్ పేరిట అనుభవమున్న లాయర్లు ఉచితంగా ఇద్దరి లెక్కలూ విని, జడ్జి అయితే ఏమనవచ్చో చెబుతారు. ఆ సలహాకు కట్టుబడాలని లేదు, అది జడ్జికి తెలియదు కూడా. అక్కడా తేలకపోతే ఆర్థిక మధ్యవర్తిత్వానికి పంపుతారు, అందులో మొదటి రెండు గంటలు ఉచితం.

మా విడుదల దస్తావేజు 2023 ఆగస్టులో రిజిస్టరైంది. ఆ నెలలోనే నేను మధ్యవర్తి గారికి రెండు పేజీల ఉత్తరం రాశాను: ప్రభుత్వ విలువకూ అమ్మకం ధరకూ తేడా, అధికార పత్రం నడిచే దారి, పాత అప్పు వడ్డీ సంగతి. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. భారతదేశంలో ఆస్తి ఉన్న జంటలకు మొదటి సమావేశంలోనే ఇచ్చేలా ఒక ప్రశ్నల పత్రం తయారుచేస్తున్నామని, అందులో అప్పు వడ్డీ ప్రశ్న కూడా చేర్చామని రాశారు. మీరు వెళ్లిన చోట అలాంటి పత్రం ఇవ్వకపోతే, అడిగి రాయించుకోండి.